అటు మూడు, ఇటు మూడు కోళ్ళు

దేశం దాటి వచ్చి మేముంటున్న క్యారీ ఊళ్ళో ఆ జులై ఎండకి మా పెరటి కోళ్ళు ఆరూ నోళ్ళు తెరుచుకుని, రెక్కలు ఎత్తిపెట్టి రొప్పుతుండేవి. గుడ్లు తగ్గిపోయాయి. పెట్టిన ఒకటీ అరా కూడా చేత్తో పట్టుకుంటే పెంకు చితికిపోయేది. దాణా కొట్టులో ఉండే ఆవిడ ఈస్టు పొడి సంచీ ఒకటి చేతికిచ్చి, దాణాలో కలిపితే కోళ్ళు వేడికి తట్టుకుంటాయని చెప్పింది.

నిజంగానా అని అడిగితే, చాలామంది వాడతారంది. అదొక జవాబా? నా ఉద్యోగమంతా మందుల కంపెనీలో, ఏ మందు పనిచేస్తుందో ఏది చెయ్యదో తేల్చడంతోనే సరిపోయింది. రిటైరైనంత మాత్రాన బుర్ర ఊరుకోదు కదా. కోళ్ళ గూటికి మధ్యలో వల కట్టాను. చీట్లు వేసి మూడింటిని ఇటు, మూడింటిని అటు వదిలాను. ఇటువాటికి ఈస్టు కలిపిన దాణా, అటువాటికి ఉత్త దాణా. నీళ్ళూ నీడా అన్నింటికీ ఒకటే.

మా ఆవిడ వెంట తిరిగే తెల్ల పెట్ట అటు పడింది. అన్నింట్లోకీ ముసలిది, ఎండకి మొదట వాలిపోయేదీ అదే.

"దాన్ని ఇటు మార్చండి" అంది మా ఆవిడ.

"మారిస్తే ఇంక పరీక్షెందుకు?" అన్నాను. ఆవిడ విసురుగా లోపలికి వెళ్ళిపోయింది.

వారం తిరిగేసరికి ఇటు కోళ్ళు తేరుకున్నాయి. నేను సంతోషించేలోపే అటువీ తేరుకున్నాయి. తెల్లది లేచి తిరుగుతోంది. నాకు మతిపోయింది. ఎండ తగ్గిందా అంటే, కారు స్టీరింగు ముట్టుకోలేకపోతున్నాను. పొడి పనిచెయ్యలేదనుకుందామంటే ఇటువి ఎందుకు తేరుకున్నట్టు? గాలికి పొడి అటు ఎగిరిందేమోనని వల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని వెతికాను కూడా. పక్కింటాయన కంచె మీదుగా చూసి, ఏమనుకున్నాడో, చెయ్యి ఊపి లోపలికి వెళ్ళిపోయాడు.

తీరా చూస్తే సంచీ అడుగంటింది. నా లెక్క ప్రకారం సగమైనా ఉండాలి. వంటింట్లోకి వెళ్ళి అడిగాను. ఆవిడ కూర కలుపుతూనే చెప్పింది.

"మొదటి రోజు నుంచీ అటు కూడా వేస్తున్నానండీ. ఒకే పంక్తిలో కూర్చోబెట్టి సగం మందికి నెయ్యి వడ్డించి, మిగతావాళ్ళని చూస్తూ కూర్చోమంటే ఎలా? పెళ్ళిలో అలా చేస్తే విస్తళ్ళ ముందు నుంచి లేచిపోతారు."

"మొత్తం ఎక్స్‌పెరిమెంట్ పాడుచేశావు!"

"కోళ్ళు బాగున్నాయి కదా."

"ఈస్టు వల్లా, వాటంతట అవేనా? ఇప్పుడెలా తెలుస్తుంది?"

"తెలియకపోతే ఏమవుతుందండీ?"

కోపంగా పెరట్లోకి వచ్చేశాను. తెల్లది వలకి అవతల నిలబడి నా వైపే చూస్తోంది. ఈస్టు పనిచెయ్యకపోతే మా ఆవిడ చేసింది ఉత్త దొంగపని. పనిచేస్తే మాత్రం, ఆవిడ వెయ్యకపోయుంటే ఇది నా కళ్ళెదుట చచ్చిపోతుంటే నేను వలకి ఇవతల నిలబడి లెక్క చూసుకుంటూ ఉండేవాణ్ణి. రెండింట్లో ఏది నిజమో నాకిప్పటికీ తెలియదు. ఆ సాయంత్రమే వల విప్పేసి, కొత్త సంచీ తెచ్చి, ఆరింటికీ నేనే కలిపి పెట్టాను.