పీసీకే మార్కెట్ పెద్దది

ఇంజినీరింగ్ అయిపోయాక నేనూ మా బావా రాజాంలో ఖాళీగా ఉన్న కాలంలో ప్రపంచ వ్యాపారం గురించి మాకు తెలియనిది లేదు. బావ మా మావయ్య కొడుకు. మావయ్యది ధాన్యం కొట్టు. దాని పక్కన ఒక షట్టరు గది ఊరికే పడి ఉండేది. అది చేతికొస్తే గేమింగ్ సెంటర్ పెట్టాలి, రాకపోతే ఇద్దరం బస్తాలకు పురికొస కట్టుకుంటూ బతకాలి. అప్పటికే ఇంట్లో మాకు అన్నం వడ్డించేటప్పుడు గరిటె చప్పుడు పెద్దదైంది.

చిక్కల్లా ఏమిటంటే, బావది కన్సోల్ పక్షం, నాది పీసీ పక్షం. టీవీకి తగిలించి ఆడుకునే పెట్టెకే ప్రపంచంలో గిరాకీ ఎక్కువని అతను, కాదు కంప్యూటర్ మీద ఆడేవాళ్లే ఎక్కువని నేను. జపాన్లో ఎందరు, కొరియాలో ఎందరు అని గొంతులు చించుకున్నాం. వాళ్లంతా రేపు పాలకొండ బస్సు దిగి మా షట్టరు ముందు వరస కడతారన్నట్టే మాట్లాడుకున్నాం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. మాకు ఆ పేరు దగ్గరే తగువు.

తీర్పు కోసం మావయ్య దగ్గరికే వెళ్లాం. ఆయన గుప్పెడు ధాన్యం తీసి అరచేతిలో నలుపుతూ విన్నారు.

"రెండింట్లో దేనికిరా మార్కెట్ పెద్దది?"

"పీసీకే మావయ్యా. కుర్రోళ్లంతా దాని కోసమే పడి సస్తన్నారు."

"కాదు నాన్నా, కన్సోల్..." అని బావ మొదలెట్టాడు.

"నువ్వూరుకోరా. కన్సొలేషన్ ప్రైజు ఎవుడిక్కావాల? పీసీ అంటే నాకు తెల్దేటి? ఇంటికొకడు అదే పన్లో ఉన్నాడు. అల్లుడు సెప్పిందే కరెక్టు. గది తీసుకోండి."

గెలిచానని నేను పొంగిపోయాను. బావ నాతో మాట్లాడటం మానేశాడు.

మంచిరోజు చూసి కొబ్బరికాయ కొట్టి షట్టరు ఎత్తాం. ఎదురుగా నిక్కర్లు, బూట్లు వేసుకున్న కుర్రాళ్లు, వాళ్ల వెనక నాన్నలు. కోటబొమ్మాళి నుంచి వచ్చానన్న ఒక రైతు ముందుకొచ్చి, "రన్నింగు ఎప్పుడు మొదలెడతారు బాబూ? మావోడు లాంగ్‌జంపులోనే పోతన్నాడు," అన్నాడు.

అప్పుడు వెలిగింది. మా జిల్లాల్లో పీసీ అంటే పోలీసు కానిస్టేబులు. మేం పెట్టేది పీసీ కోచింగ్ అనుకుని, మావయ్య ధాన్యం తెచ్చిన ప్రతి రైతుకూ చెప్పేశారు.

ఆయన్ని పక్కకి లాగి, ఇది ఆ పీసీ కాదని, కంప్యూటర్లో ఆటలని చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది. కానీ అప్పటికే ఆ రైతు ఇచ్చిన ఫీజు కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో వేసేశారు.

"బోణీరా అది! బోణీ ఎనక్కిచ్చిన కొట్టు బతుకుతాదేటి? రిటైరైన హెడ్ కానిస్టేబులొకడు నాకు తెల్సినోడున్నాడు. ఆడు నేర్పుతాడు."

"మరి మేమో?" అన్నాడు బావ. మానేసిన మాట మళ్లీ కలిసి, నా పక్కనే నిలబడ్డాడు.

మావయ్య మా ఇద్దరినీ ఎగాదిగా చూశారు. "మీకూ ఈడు దాట్లేదు కదరా. లైన్లో నిలబడండి."

కోపంతో ఏడుపొచ్చినంత పనైంది. అయినా వెళ్లి నిలబడ్డాం. ఆ రైతు కాస్త జరిగి మాకు చోటిచ్చాడు.

"మీరు కూడా ఉద్యోగం లేనోలేనా బాబూ?" అన్నాడు, జాలిగా.

అవునన్నాను. ఆ మాట నా నోటితో నేను అనడం అదే మొదలు.