దొంగచాటుగా అనే మాట

తైవాను జపాను ఏలుబడిలో ఉన్న రోజుల్లో, అక్కడి తైనాన్ ఊళ్లో సియావు జిన్‌హోకు వకీలుగా పేరొచ్చింది చట్టం చదివినందుకు కాదు, నోటి దురుసువల్ల. చేపల చెరువుల కాపలాదారు కొడుకు. టోక్యోలో నూడుల్స్ కొట్టులో గిన్నెలు కడుగుతూ చదివి, జపానువాళ్ల పరీక్షలో జపానువాళ్లనే వెనక్కి నెట్టి వచ్చాడు. కేసు గెలిపిస్తావా అని రైతులడిగితే, “నువ్వు చెప్పినదాంట్లో సగం నిజమున్నా గెలిపిస్తాను” అనేవాడు.

నలభయ్యో ఏట సర్కారు అతన్ని జడ్జిని చేసింది. వీధిలో టపాకాయలు కాల్చారు. అక్కడే వచ్చింది చిక్కు. కోర్టులో నడిచేది జపాను భాష. సాక్షి తైవాను మాటలో చెబితే దుబాసీ దాన్ని జపానులోకి మార్చాలి. అంతదాకా జడ్జికి ఏమీ తెలియనట్టే లెక్క. సాక్షి హాస్యమాడితే జిన్‌హో బుగ్గ కొరుక్కుని కూర్చునేవాడు. దుబాసీ చెప్పాక నవ్వుదామంటే అప్పటికి అందులో హాస్యం చచ్చిపోయి ఉండేది. ఒకసారి పట్టలేక ముందే నవ్వేశాడు. పెద్ద జడ్జి పిలిచి, ఇంకోసారి తైవానువాడిలా ప్రవర్తిస్తే ఆ కుర్చీ ఉండదని చెప్పి పంపాడు.

“పొద్దుట్నించీ పిలుస్తున్నా పలకరేం? దుబాసీ కోసం చూస్తున్నారా?” అని భార్య సొక్ఎంగ్ ఇంట్లో ఏడిపించేది.

రెండేళ్లు అలా నోరు కట్టేసుకుని నెట్టుకొచ్చాడు. అప్పుడొచ్చింది బాంగ్‌చీ అవ్వ కేసు. పొరుగువాడైన ఎంగ్‌చాయ్ దున్నపోతును దొంగిలించిందని అభియోగం. రుజువైతే ఆర్నెల్ల జైలు. ఆమెకు డెబ్బై ఏళ్లు.

“దొంగచాటుగా తోలుకెళ్లాను దొరగారూ” అంది అవ్వ, దాపరికం లేకుండా. “ఎదురుగా తోలుకెళ్తే వాడు ఊరుకుంటాడా? మిట్టమధ్యాన్నం చెరకు బండి లాగిస్తన్నాడు, నోట్లోంచి నురగ కారతా ఉంటది. దూడప్పట్నించీ సాకింది నేను. మా ఆయన పోయాక గతిలేక అమ్ముకున్నా. వాడు బండి విప్పి నిద్రపోయాక, కాసేపు బురదలో పడుకోబెడదామని తీసుకుపోయా.”

దుబాసీ ఇసొబె మంచివాడే. కాకపోతే ఆ భాషను పుస్తకంలో నేర్చుకున్నాడు. లేచి నిలబడి, “దొంగతనం చేశానని ఒప్పుకుంది. ఎదురుగా చేస్తే పట్టుబడతానని భయమట. దూడ గురించి ఇంకేదో చెప్పింది గానీ, కేసుకు సంబంధం లేదు” అన్నాడు.

జిన్‌హో ఇసొబె వైపు తిరిగాడు. “మళ్లీ అడగండి” అన్నాడు జపానులో.

“నీవు దొంగవలె గొనిపోయితివా?” అన్నాడు ఇసొబె అవ్వతో.

“అవును బాబూ, దొంగచాటుగానే.”

“ఎన్ని పర్యాయములు?”

“రోజూ.”

రోజుకో దొంగతనమని ప్రాసిక్యూటరు ఉత్సాహంగా రాసుకున్నాడు. అడిగినకొద్దీ అవ్వ మరింత ఊబిలో దిగబడుతోంది. జిన్‌హో తన కుర్చీ చేతుల్ని ఒకసారి తడుముకున్నాడు. తర్వాత ముందుకు వంగి, అమ్మ నేర్పిన మాటలో అడిగాడు.

“అవ్వా, సాయంత్రం ఆ దున్నపోతును ఏం చేసేదానివి?”

హాల్లో తలలన్నీ జడ్జి వైపు తిరిగాయి.

“వాడి కొట్టంలోనే కట్టేసేదాన్ని. దాన్ని పెట్టుకోడానికి మా ఇంట్లో చోటేదీ?”

జిన్‌హో ఎంగ్‌చాయ్ వైపు తిరిగాడు. “రోజూ రాత్రి నీ దున్న ఎక్కడుండేదయ్యా?”

“కొట్టంలోనే ఉండేదండి.”

“మరి దొంగలెత్తుకెళ్లారని నీకెట్లా తెలిసింది?”

ఎంగ్‌చాయ్ బుర్ర గోక్కున్నాడు. “వొళ్లంతా బురదుండేదండి.”

జనం పడీ పడీ నవ్వారు. ప్రాసిక్యూటరు లేచి అభ్యంతరం అన్నాడు. జిన్‌హో ఈసారి జపానులోనే జవాబిచ్చాడు. “వీళ్ల భాషలో దొంగచాటుగా నవ్వడం అనే మాట కూడా ఉంది. అలా నవ్వినవాడు నవ్వును దొంగిలించినట్టు కాదు. అదే నేరమైతే, ఈ కుర్చీలో కూర్చుని రెండేళ్లుగా నేను చేస్తున్నది అదే.” కేసు కొట్టేశాడు.

అవ్వ వెళ్లకుండా నిలబడింది. “దొరగారూ, మీరు మా మాట చక్కగా మాట్లాడతన్నారే. ఆ బాబు కన్నా మీరే నయం. నేర్చుకోడానికి ఎన్నేళ్లు పట్టింది?”

జిన్‌హోకు ఆ మెప్పు ముల్లులా దిగింది. “నేను మీవాణ్ణే అవ్వా. చేపల చెరువు గట్టున పుట్టాను.”

అవ్వ అతని నల్లగౌనునూ టోపీనీ ఎగాదిగా చూసింది. “ఊరుకోండి. మావాడైతే ఇందాకట్నించీ ఎందుకు పలకలేదు?”

మర్నాడు పెద్ద జడ్జి పిలిపించేలోగానే రాజీనామా కాగితం ఆయన బల్లమీద ఉంది. మానుకునే కారణం అన్నచోట అందరూ అనారోగ్యం అని రాస్తారు. జిన్‌హో మాత్రం “సాక్షులు చెప్పేది నాకు అర్థమవుతోంది” అని రాశాడు.