తుఫానుకి దాచిన పాయింట్లు

మా అమ్మాయి ఫోన్లో ఆడుతున్న యుద్ధం ఆటలో తన జట్టు వైద్యురాలి లెవెల్ పెరిగింది. కొత్త విద్య నేర్పడానికి ఒక పాయింటు వచ్చింది.

"ఏది నేర్పనమ్మా? మళ్లీ మార్చడానికుండదు," అంది. నేను చేతిలో పని వదిలేసి పక్కన కూర్చున్నాను.

దివిసీమలో పెరిగినవాళ్లూ, అటక మీద తుఫాను డబ్బా గుర్తుందా? అటుకులు, బెల్లం, అగ్గిపెట్టెలు, కిరసనాయిలు వాసన పట్టిన దుప్పటి. "ముట్టుకోకండర్రా, గాలివానొస్తే కావాలి," అనేది నాయనమ్మ.

ఆ భయంతోనే అవనిగడ్డ నెట్ సెంటర్లో ఇలాంటి ఆటే ఆడుతూ, నేనూ అన్నయ్యా వచ్చిన పాయింట్లన్నీ కష్టకాలానికని దాచేవాళ్లం. యుద్ధం మొదలయ్యాక విద్యలు నేర్పడం కుదరదని మాకు తెలియదు. ఆఖరి కోట దగ్గర మా వాళ్లు ఒక్కొక్కరే పడిపోతుంటే, అన్నయ్య చెమటలు కక్కుతూ విద్య నేర్పే మీటే మళ్లీ మళ్లీ నొక్కాడు. పాయింట్లు మాత్రం తెర మీద భద్రంగా మెరుస్తూనే ఉన్నాయి.

"చెప్పమ్మా! దాచనా పోనీ?"

"వద్దు. గాయాలు మాన్పేది ఇప్పుడే నేర్పెయ్."

నేర్పేసి యుద్ధంలోకి దిగింది. ఇక దాచిందేమీ లేదు. ఆ యుద్ధం అయ్యేదాకా నేను అక్కణ్ణుంచి కదల్లేకపోయాను.