కెనడా మార్కులు నావి, షేక్‌హ్యాండ్ ఆయనకి

ఈ సాయంత్రం మా ఆయనతో నెహ్రూ నగర్‌లో నెట్ సెంటర్‌కి వెళ్లాను. కెనడాలో స్థిరపడ్డానికి మనకి అర్హత ఉందో లేదో మార్కులేసి చెప్పే వెబ్‌సైట్ ఒకటుంది. సెంటర్ నడిపే హిందీ భయ్యా నన్నేమీ అడక్కుండా, ప్లాంట్‌లో ఫిట్టరైన మా ఆయన వివరాలే కొట్టాడు. మార్కులు చాల్లేదు.

"నావి కొట్టు భయ్యా, నేను నర్సుని," అన్నాను.

"దీదీ, మెయిన్ అప్లికెంట్ మగాడే ఉండాల," అని నవ్వాడు.

"అలాగని ఇందులో ఎక్కడుంది? ఏదీ, సూపించు!"

అతను స్క్రీన్ పైకీ కిందకీ జరుపుతూ వెతికాడు. మౌస్ లాక్కుని నా చదువు, నా ఐసీయూ అనుభవం నేనే నింపాను. పాసయ్యాను.

ఆ భయ్యా లేచి, "బధాయీ హో సార్!" అంటూ మా ఆయనకి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఈయన సిగ్గులేకుండా నవ్వుతూ పుచ్చుకున్నాడు!

ఇంకా ఒళ్లు మండిపోతోంది. దరఖాస్తు నా పేరు మీదే పెడతాను. ఈయన్ని వెంట తీసుకెళ్లాలా వద్దా, మీరే చెప్పండి.