తోడికోడలి చెయ్యి, నా కాలు

ఎముక విరగడంలోనూ అదృష్టం ఉండాలి. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, కొల్లేట్లో పెద్దింట్లమ్మవారి జాతర చూసి తిరిగొస్తుంటే రేవు దగ్గర పడవ ఒరిగింది. తోడికోడళ్ళం ఇద్దరమూ వెళ్ళి ఒకే గుంజ మీద పడ్డాం. నాకు కాలు విరిగింది, అక్కకి చెయ్యి విరిగింది. అక్కంటే తోబుట్టువు కాదు, మా ఆయన అన్నగారి భార్య. మా అత్తగారి లెక్కలో ఆవిడ ఏం చేసినా ఒప్పు, నేను ఏం చేసినా తప్పు.

ఏలూరు పెద్దాసుపత్రిలో ముందు నాకు చేశారు ఆపరేషను. ముక్కు మీద గుడ్డ పెట్టి మత్తిచ్చారు. తెలివొచ్చేసరికి కడుపులో తిప్పుడు, కాలిలో నిప్పులు. సిగ్గూ ఎగ్గూ లేకుండా అరిచాను. "ఊరుకోవే, పరువు తీస్తున్నావు" అన్నారు అత్తగారు.

మర్నాడు పొద్దున అక్క వంతు. థియేటర్లోంచి కళ్ళు తెరుచుకునే వచ్చింది. "ఆకలేస్తోంది అత్తయ్యా" అంది. ఇడ్లీలు తింది. ఎముకకి తీగె చుట్టి కుట్లేసిన చెయ్యి పక్కన దుంగలా పడుంది, మనిషేమో అవతలి మంచం ఆవిడకి పీతల కూర ఎలా వండాలో చెబుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆపరేషన్లకి ముందే అత్తగారు పెద్దింట్లమ్మ తల్లికి మొక్కుకుని, మా ఇద్దరి మంచం కోళ్ళకీ పసుపు గుడ్డలో ముడుపులు కట్టారు. ఇంకేముంది! తల్లి పెద్దకోడలి నొప్పిని తన ఒంటి మీద వేసుకుందని తేల్చేశారు. నా ముడుపు ఎందుకు అందలేదో కూడా తేల్చారు. నా మనసు మంచిది కాదట. వార్డులో ఆడవాళ్ళు వచ్చి అక్క చేతికి దణ్ణం పెట్టారు. ఒకావిడ తన పసిబిడ్డ నుదుటికి ఆ వేళ్ళు తాకించుకుంది. ఆ వేళ్ళకి మాత్రం ఏమీ తెలియలేదు. అమ్మవారికి కూడా పెద్దకోడలే ముద్దా అని ఏడుపొచ్చింది.

డాక్టరుగారు రాగానే అడిగేశాను.

"మెడ పక్కన, చేతికి పోయే నరాల దగ్గర సూది వేశానమ్మా. చెయ్యి మొద్దుబారింది. సాయంత్రానికి దిగిపోతుంది."

"మరి నా కాలికి వెయ్యలేదేమండీ?"

"చేతికి వెయ్యడమే నేర్చుకున్నాను. కాలికి ఇంకా రాదు" అన్నారాయన.

ఆ మాటే అత్తగారికి చెప్పాను. "తల్లి మహిమ కాదు అత్తయ్యా, సూదండీ అది."

"సూది గుచ్చితే నొప్పి పుడుతుంది గానీ పోతుందా? ఓర్వలేనిదానివి నువ్వు!"

ఓర్వలేనిదాన్నే. కాదని ఎవరన్నారు? సాయంత్రం కోసం కాచుకుని పడుకున్నాను. అక్క నోట్లోంచి ఒక్క కేక వస్తే చాలు. ఆవిడా నాలాంటి మనిషేనని అత్తగారికి తెలిస్తే, ఆ ఇంట్లో నేను మళ్ళీ తలెత్తుకు తిరగొచ్చు.

ఎండ వాలింది. అత్తగారు వరండాలో జనాన్ని పోగేసి తల్లి మహిమ చెబుతున్నారు. అక్క వేళ్ళు కదిలాయి, మొహం పాలిపోయింది. ఇదిగో అరుస్తుంది, అదిగో అరుస్తుంది అనుకున్నాను. అరవలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది. "మా పెద్దకోడలు కిక్కురుమనలేదండీ" అని వరండాలోంచి వినబడుతోంది. ఇక్కడేమో ఆవిడ కన్నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

"అరవండక్కా. ఎవరేమనుకుంటే ఏం?" అన్నాను మెల్లిగా.

కొంగు తీసి, "తల్లి పేరు పోతుందే" అని మళ్ళీ కుక్కుకుంది.

ఇది సూది ఇచ్చిన ఓర్పు కాదు, ఆవిడ సొంతం. నాకు ఇంకా కుళ్ళు పుట్టింది. పొద్దున్నుంచీ పడ్డ కుళ్ళు దీని ముందు ఎందుకూ చాలదు. అయినా ఆ మొహం చూస్తూ పడుకోలేకపోయాను.

నొప్పి తగ్గే సూది ఇద్దరికీ రాసే ఉంది, కాకపోతే అడిగినవాళ్ళకే వేస్తారు. నేనే గొంతెత్తాను. "అమ్మో, చచ్చిపోతున్నాను! నర్సమ్మగారూ!"

నర్సు సూదితో పరుగున వచ్చింది. "నాకు కాదండీ, ఆవిడకి వెయ్యండి" అని గొణిగాను. నర్సు అక్క నోట్లో కొంగు చూసింది. సూది అక్కకే వేసింది.

వరండాలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "విన్నారా? చిన్నది మళ్ళీ మొదలెట్టింది."