ఆ స్టార్ల వెనక ఏముందో

మా అమ్మ మీద ఒట్టు... ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు. నమ్మితే వినండి, లేదంటే టీ తాగేసి లేచి వెళ్ళిపోండి, నేనేమీ అనుకోను. దయ్యాలంటే నాకు ముందు నుంచీ నవ్వే. శాలిబండలో పుట్టి పెరిగినదాన్ని. కరెంటు లేని సందుల్లో ఒక్కదాన్నే తిరిగినదాన్ని. అట్లాంటి నాకు ఇప్పుడు ఫోన్లో పాస్‌వర్డ్ కొట్టాలన్నా చెయ్యి ఆగిపోతుంది.

అప్పుడు నేను మా ఇంటి దగ్గరే ఒక కంప్యూటర్ సెంటర్‌లో పని చేసేదాన్ని. కింద మగ్గం పని చేసే దుకాణం, పైన మా సెంటర్. ఓనర్ పేరు ప్రవీణ్. బయట అందరూ సార్ అనేవాళ్ళు, నా నోటికి మాత్రం ఆ మాట ఇప్పుడు రాదు. అక్కడ పాఠాలు చెప్పేది యాదగిరి సార్. నేను ఆయనకు అసిస్టెంట్‌ని.

యాదగిరి సార్‌కు షుగర్. కళ్ళు పోతున్నాయి. పగలు ఎట్లాగో నెట్టుకొచ్చేవారు, సాయంత్రమైతే తెర మీద ఏమీ కనబడేది కాదు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. ఆయన వేళ్ళకు మాత్రం అన్నీ తెలుసు. రెండు అక్షరాలు గబగబా కొట్టేవారు... కాస్త ఆగేవారు... మళ్ళీ రెండు. చివరి అక్షరాన్ని మాత్రం ఒకసారి చెరిపి, మళ్ళీ కొట్టేవారు. సరిగ్గా పడిందో లేదో కనబడదు కదా, అందుకని ఆ అలవాటు. బ్యాచ్ అయ్యాక ఆయన చెయ్యి పట్టుకుని మెయిన్ రోడ్డుకు తీసుకెళ్ళి, సంతోష్‌నగర్ వైపు వెళ్ళే షేర్ ఆటో ఎక్కించడం నా పని. నాకెవరూ చెప్పలేదు, నేనే చేసేదాన్ని.

ఆ రోజు సాయంత్రం బ్యాచ్‌కు పాఠం... పాస్‌వర్డ్ దాచడం. చిన్న ప్రోగ్రాం. కీ నొక్కితే తెర మీద అక్షరం బదులు స్టార్ పడాలి, అంతే. సార్ ముందు స్టార్లు లేకుండా నడిపి చూపించారు. తర్వాత స్టార్ల లైన్ చేర్చారు. మళ్ళీ నడిపే లోపల ప్రవీణ్ లోపలికొచ్చాడు. వాడికి అనుమానం ఎప్పటినుంచో ఉన్నట్టుంది. కీబోర్డు దగ్గర నిలబడి ఏదో నొక్కి, తియ్యగా అన్నాడు.

"సార్, ఇది స్టార్లు లేని ప్రోగ్రామే పెట్టిన. జర ఏదన్న కొట్టి, తెర మీద ఏం పడ్డదో గట్టిగ చదవండి. ఎనక పిల్లలకు కనబడ్తలేదంట."

తెర మీద ఉన్నది స్టార్ల ప్రోగ్రామే. నేను నోరు తెరిచే లోపల వాడు నోరు మూసుకోమని నావైపు వేలు చూపించాడు. సార్ కొట్టారు. తెర వైపు ముఖం పెట్టి, చూస్తున్నట్టే చదివారు.

"ఎస్... ఏ... ఆర్... ఓ... జె... ఏ. సరోజ."

సరోజ ఆయన భార్య పేరు. తెర మీద ఆరు స్టార్లు. క్లాసంతా ఒక్కసారి గొల్లుమంది. సార్‌కు ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాలేదు... ఆయన కూడా కొంచెం నవ్వారు.

"ఆడ అక్షరం ఒక్కటన్న లేదు సార్, అన్ని స్టార్లే," అన్నాడు ప్రవీణ్. "గుడ్డోనివి, పిల్లలకేం జూపిస్తవ్? ఇంట్ల కూసొని పెండ్లాం పేరు జపం చేస్కో. రేపటి సంది రాకు."

సార్ కీబోర్డు మీదనుంచి చేతులు తీశారు. గోడ పట్టుకుని మెట్ల వైపు నడిచారు. బయట వాన. నేను గొడుగు తీసుకుని లేచాను.

"నువ్వేడికి? కూసో. రేపటికి ఆ ప్రోగ్రాం నువ్వు తయారు చెయ్యి. రేపు పాఠం నీదే."

పిల్లలు వెళ్ళిపోయారు. వాడు కూడా భోజనానికి వెళ్ళాడు... వెళ్తూ కింద షటర్ లాగి బయటనుంచి తాళం వేశాడు. అది వాడి పద్ధతి. పని ఇస్తే పారిపోతామని మమ్మల్ని లోపల పెట్టి పోయేవాడు. మేమూ అలవాటు పడిపోయాం, సిగ్గులేని బతుకు.

కాసేపటికి సార్ బల్ల మీద ఫోన్ మోగింది. మరిచిపోయి వెళ్ళారు. ఎత్తాను. సరోజమ్మ.

"ఏడున్నవయ్యా... వాన గింతగనం పడ్తుంది, ఇంక రాకపోతివి?"

"అమ్మా, నేను సునీతను. సార్ ఎప్పుడో బయలుదేరారు..."

"ఇంటికి రాలే బిడ్డా. నువ్వు ఆటో ఎక్కియ్యలేదా?"

ఆటో స్టాండులో ఉండే డ్రైవర్ గౌస్ భాయ్‌కు ఫోన్ చేశాను. ఆయన పాపం వానలో మెయిన్ రోడ్డంతా చూసి వచ్చాడు. "నై బేటీ, సార్ ఇటు రానే లేదు," అన్నాడు. ప్రవీణ్‌కు చేస్తే ఎత్తలేదు. షటర్ బాదాను. మగ్గం దుకాణం వాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు, వాన చప్పుడులో ఎవరికి వినబడుతుంది? పైకొచ్చి కూర్చున్నాను. ఏడుపొస్తోంది.

అప్పుడు... సార్ మెషిన్ తెర మీద... ఒక స్టార్ పడింది.

ఆ ప్రోగ్రాం ఇంకా నడుస్తూనే ఉంది. పాస్‌వర్డ్ అడుగుతూ ఆగి ఉంది. నేను దానికి దూరంగా ఉన్నాను. ఇంకో స్టార్ పడింది. ఆగింది... మళ్ళీ రెండు. ఆగింది. మళ్ళీ రెండు. చివరి స్టార్ పోయింది.

మళ్ళీ వచ్చింది.

పైకప్పు కారి కీబోర్డు తడిసిందేమో అనుకున్నాను. దగ్గరికి వెళ్ళి తడిమి చూశాను. పొడిగా ఉంది. కీలు కదలడం లేదు. టక్ అన్న చప్పుడు కూడా లేదు. చప్పుడు ఉన్నా బాగుండేదేమో... స్టార్లు మాత్రం పడుతున్నాయి. కీబోర్డు వైరు పట్టుకుని గుంజేశాను. వైరు నా చేతిలో ఉంది. తెర మీద రెండు స్టార్లు... ఆగి... ఇంకో రెండు.

"సార్?" అన్నాను. "సార్... మీరేనా?"

చివరి స్టార్ పోయింది. వచ్చింది.

"ఎక్కడున్నారు సార్?"

ఇక చూడండి... వరుసగా పడ్డాయి. ఎంత తొందరగా అంటే, ఆయన అంత తొందరగా కొట్టడం నేనెప్పుడూ చూడలేదు. ఒక వరుస నిండింది. రెండో వరుస నిండింది. నాకు జవాబు చెబుతున్నారు. ఎక్కడున్నారో చెబుతున్నారు! నేను చూస్తే అన్నీ స్టార్లు. ఒక్క అక్షరం చదవలేను. సాయంత్రం ఆయన ఉన్న చోటే, ఆయనలాగే తెర వైపు ముఖం పెట్టి నిలబడ్డాను.

వైరు మళ్ళీ గుచ్చి, ప్రోగ్రాం ఆపాను. స్టార్ల లైన్ తీసేశాను. ఇప్పుడు ఏది కొట్టినా అక్షరమే కనబడాలి. నడిపాను.

"చెప్పండి సార్."

ఏమీ రాలేదు. కర్సర్ గీత ఒక్కటే ఆరుతూ వెలుగుతూ ఉంది. బతిమాలాను. తిట్టాను కూడా. ఒక్క అక్షరం పడలేదు. స్టార్ల లైన్ తిరిగి పెట్టాను... వెంటనే మొదలైంది. రెండు. ఆగి, రెండు. ఎదుటివాళ్ళు చూస్తారంటే రాయనన్నట్టు. సాయంత్రం అందరూ చూసి నవ్వింది చాలు అనుకున్నారో ఏమో... నాకు తెలియదు.

అప్పుడు తట్టింది. స్టార్లు స్టార్లుగానే పడనిచ్చి, చివర ఎంటర్ కొట్టగానే లోపల ఉన్నదంతా తెర మీద చూపించే లైన్ ఒకటి రాస్తే చాలు. తొందరలో తప్పుల మీద తప్పులు పడ్డాయి. ఎట్లాగో రాశాను. నడిపాను. స్టార్లు వచ్చాయి. ఈసారి చాలా మెల్లగా. ఒకటి పడి... చాలాసేపటికి ఇంకొకటి. అలసిపోయిన మనిషి మాట్లాడినట్టు. పూర్తి కానిద్దాం అనుకుని ఎంటర్ మీద వేలు పెట్టి కూర్చున్నాను. చివరి స్టార్ పోయింది. తిరిగి రావాలి. రావాలి కదా... నేను చూస్తున్నాను...

టప్‌మని చీకటైపోయింది.

"ఏందే, ఒక్కదానివే ఎవనితోని ముచ్చట్లు పెడ్తున్నవ్?" మెట్ల మీద ప్రవీణ్. మెయిన్ స్విచ్ వాడి చేతి కింద ఉంది. "లైట్లన్ని ఏస్కొని కూసుంటే కరెంటు బిల్లు నీ బాపు కడ్తడా?"

యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో పోయింది. మెషిన్ ఆరిపోయింది. వాడి మీద పడి స్విచ్ వేశాను. మెషిన్ మెల్లగా లేచింది, ప్రోగ్రాం నడిపాను. ఏమీ లేదు. స్టార్లు కూడా లేవు.

"సార్ ఇంటికి పోలేదు!" అని అరిచాను.

"గుడ్డోడు గదా, ఏ ఆటోల ఎక్కిండో," అన్నాడు. నవ్వాడు.

వానలో పరుగెత్తాను. మెయిన్ రోడ్డు మీద, స్టాండు దగ్గర, ప్రతి అరుగు మీద చూశాను. పిలిచి పిలిచి గొంతు పోయింది. ఆయన ఎప్పుడూ వచ్చే దారి అదే కదా, నేను తీసుకొచ్చే దారి.

తెల్లవారాక పాలవాడు చూశాడు. మా సెంటర్ వెనక సందులో. మెట్లు దిగి కుడికి తిరగాల్సింది, ఎడమకు తిరిగినట్టున్నారు. పైపు కోసం ఎవరో తవ్వి వదిలేసిన గొయ్యి, నిండా నీళ్ళు. నడుము విరిగిందట. అంచు పట్టుకుని ఉన్నారు. వేళ్ళు మట్టిలోకి దిగిపోయి ఉన్నాయి. ప్రాణం పోయి ఎక్కువసేపు కాలేదు, తెల్లవారే దాకా బతికే ఉండి ఉంటారు అన్నాడు డాక్టర్. నేను కూర్చున్న గది వెనక గోడకు ఆనుకునే ఉంది ఆ సందు.

మెషిన్లు బాగుచేసే అతన్ని అడిగాను. "తేమకు లోపల బోర్డు ఖరాబైతే అట్లనే అయితది మేడం," అన్నాడు. అయి ఉండొచ్చు. కానీ పాడైన బోర్డు చివరి అక్షరాన్ని చెరిపి మళ్ళీ కొడుతుందా? అక్షరాలు కనబడతాయంటే ఆగిపోతుందా? ప్రవీణ్ సెంటర్ ఇప్పటికీ నడుస్తోంది. బ్యాచ్‌లు నిండుగా ఉన్నాయి. వాడి మీద ఈగ కూడా వాలలేదు.

పదకొండో రోజున సంతోష్‌నగర్ వెళ్ళాను. సరోజమ్మ నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆ రాత్రి నీకేమన్న చెప్పి పంపిండా బిడ్డా? ఒక్క మాటన్న?"

"లేదమ్మా," అన్నాను.

ఆమె తల ఊపింది. నేను చెప్పింది నిజమో అబద్ధమో, ఇదిగో మీ ముందు కూర్చుని కూడా నాకు తెలియడం లేదు.