కిందికి దిగని చూపు

మొన్న మంగళవారం పాతబస్తీ హుస్సేనీ ఆలంలో మా మరిది పోయాడు. శవం ఇంకా వాకిట్లో ఉండగానే ఒకాయన పక్కవాడితో, "తాగి తాగి పోయిండు పాపం" అన్నాడు. నాకు అక్షరం రాదు. అందుకే మనుమరాలిని కూర్చోబెట్టి రాయిస్తున్నాను. అందరూ చదవండి: నా మరిది చుక్క ముట్టలేదు.

చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో ఒక సేటు దుకాణంలో గాజులు తొడిగేవాడు. వచ్చినామె చేయి పట్టుకుని, కణుపులు మెత్తగా పిసికి, మాటల్లో పెట్టి, గాజు ఎప్పుడెక్కిందో తెలియకుండా ఎక్కించేవాడు. నన్ను చూస్తే మాత్రం, "వదినా, నీ చెయ్యికి గాజులు సరిపోవు, బోరింగు పైపు కావాలె" అనేవాడు.

"ముందుగాల నీ నోటికి తాళం తొడుగు" అనేదాన్ని.

తర్వాత పడిపోవడం మొదలైంది. నిలబడ్డవాడు నిలబడ్డట్టే వెల్లకిలా పడేవాడు. మాట ముద్దయింది. రెప్ప వేయడం తగ్గింది. గిరాకీకి వచ్చినామె చేయి కింద ఉంటే చూపు ఆమె ముఖం మీదే నిలిచిపోయేది. "అమ్మా, చెయ్యి జర పైకెత్తు" అని బతిమాలేవాడు. ఎవరో సేటుకు ఫిర్యాదు చేశారు. "తాగొచ్చి ఆడోళ్ల మొహాలు చూస్తున్నవా?" అని సేటు పనిలోంచి తీసేశాడు.

ఆసుపత్రిలో పార్కిన్సన్స్ అన్నారు, అదే వణుకుడు రోగం. గోలీలు ఎన్ని మింగినా గుణం కనబడలేదు. ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె అతని కళ్ల ముందు వేలు పెట్టి మెల్లగా దించింది. వేలు దిగింది, చూపు దిగలేదు.

"అమ్మా, ఇది పార్కిన్సన్స్ తీరుగనే కనబడ్తది గని అది కాదు. చేతులు వణుకుతలేవు. మొదట్నించే ఎనకకు పడుతుండు. కండ్లు కిందికి రావు. గోలీలు పనిచేస్తలేవు. ఇది వేరే రోగం. దీన్ని ఆపే మందు లేదు" అంది.

అటునుంచి అటే దుకాణానికి పోయాను. "సేటూ, మొహాలు చూసుడు కాదు! వాని కండ్లే దిగుతలేవు!" అని బజారంతా వినేటట్టు చెప్పాను.

"అరే అమ్మా, గిట్ల కూడా రోగముంటదా? లొల్లి చేయకు" అన్నాడు సేటు.

ఇంటికొచ్చి మరిదికి చెప్పాను. ఒక్కో మాటా లాగుతూ, "నువ్వు నమ్మినవ్ గద వదినా. చెయ్యెత్తు" అన్నాడు. కుర్చీలో ఉన్న అతని కళ్లకెదురుగా చేయి లేపి పట్టుకున్నాను. బిగుసుకున్న వేళ్లతో, ఇంట్లో దాచుకున్న ఆకుపచ్చ గాజులు తొడిగాడు. కొన్ని చిట్లాయి.

"బోరింగు పైపు" అన్నాడు. ముఖంలో నవ్వు రాలేదు, గొంతులో ఉంది.

మిగిలిన గాజులు ఇంకా నా చేతికే ఉన్నాయి. వాటిని చూసుకోవాలంటే ఇప్పటికీ కళ్లు దించను. కుర్చీలో కూర్చున్న అతని ముఖం ఎంత ఎత్తున ఉండేదో అంత ఎత్తుకు చేయి లేపుతాను.